కాదనలేకపోవడం వేరు, మనుషులు తెలియకపోవడం వేరు

పేరు వేయొద్దంటూ విశాఖపట్నం కూర్మన్నపాలెం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. మొత్తం వేయడానికి చోటు చాలదు కాబట్టి సారాంశం ఇస్తున్నాను. ఆవిడెవరో తెలిసిపోయే వివరాలు కొన్ని తీసేశాను.

ఆవిడకి 47 ఏళ్లు. నర్సీపట్నం దగ్గర పల్లెటూరు. ఇరవై రెండో ఏట పెళ్లయి ఉక్కునగరం క్వార్టర్‌లో కాపురానికొచ్చారు. భర్త స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి. రెండేళ్ల కిందట, సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయారు. క్వార్టర్ ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో అద్దెకి దిగారు. కూతురికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొడుకు ఇంజినీరింగ్ మూడో ఏడు, తల్లి దగ్గరే ఉంటున్నాడు. ఆవిడ గాజువాకలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో ఫీజుల లెక్కలు చూసే పనిలో చేరి ఏడాది దాటింది.

"ఆయన ఉన్నన్నాళ్లూ కరెంటు బిల్లు ఎంతొస్తుందో కూడా నాకు తెలీదు" అని రాశారు. ఆయన పోయిన మూడు నెలలకి పిన్ని కొడుకు వచ్చి వ్యాపారంలో ఇరుక్కున్నానంటే, నాలుగు లక్షలు బ్యాంకు ద్వారా పంపారు. నోటు రాయించుకోలేదు. ఇప్పుడతను ఫోన్ ఎత్తడం లేదు. "ఇచ్చేటప్పుడే ఏదో తేడాగా అనిపించింది. కానీ కార్యక్రమాలన్నీ దగ్గరుండి జరిపించిన తమ్ముడు. మొహం మీద కాదనలేకపోయాను" అన్నారు.

అప్పటినుంచి ఏ పనికీ ధైర్యం చాలడం లేదు. గ్యాస్ స్టవ్ మార్చాలంటే రెండు బర్నర్లదా, మూడు బర్నర్లదా అని బెంగళూరుకి ఫోన్. డిపాజిట్ల కాగితాలు బావగారి (భర్త అన్నగారి) దగ్గరున్నాయి. బ్యాంకు ఓటీపీలు కూడా ఆయన ఫోన్‌కే వెళతాయి. భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని అటువైపు ధరలు పెరుగుతున్నాయి, డిపాజిట్లు తీసి స్థలం కొందామని ఆయన పట్టుబడుతున్నారు. అగ్రిమెంటు మీద సంతకం అడిగితే "అమ్మాయిని అడిగి చెప్తాను బావగారూ" అని రెండుసార్లు తప్పించుకున్నారు. ఈ నెలాఖరుకి మళ్లీ వస్తానన్నారట.

ఇంకో సంగతి ఉంది. అసలు ఉత్తరం దీనికోసమే రాశారేమో. అదే స్కూల్లో లెక్కల మాస్టారు, 51 ఏళ్ల మనిషి, విడాకులు తీసుకున్నాయన, పెళ్లి చేసుకుందామా అని అడిగారు. "మీకెందుకు టెన్షన్, ఇకమీదట అన్నీ నేను చూసుకుంటాను" అన్నారు. ఆ రాత్రి చాన్నాళ్ల తర్వాత తెల్లవార్లూ నిద్రపట్టిందని రాశారు. కూతురికి చెబితే, "అమ్మా, నీకు మనుషులు తెలీదు. మామయ్య విషయంలో చూశాం కదా. ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చెయ్" అంది.

"తను అన్నది నిజమే అనిపిస్తోంది. నన్ను నేనే నమ్మలేనప్పుడు ఆయన్ని నమ్మచ్చో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగాను. "ఇచ్చేటప్పుడే ఏదో తేడాగా అనిపించింది" అన్నారు చూడండి, అక్కడ. మీ అమ్మాయి ఆ వాక్యం చదివి ఉంటే మీకు మనుషులు తెలీదని అనేది కాదు. అతని సంగతి మీకు తెలిసింది, తెలిసే ఇచ్చారు. ఇంట్లో మనిషి పోయి మూడు నెలలు, ఎదురుగా కూర్చున్నవాడు కర్మకాండల్లో మీ వెంట నిలబడ్డవాడు. ఆ స్థితిలో కాదనడం ఎంతమందికి చేతనవుతుంది? మీకు లేనిది మనిషిని చూసే కన్ను అయితే, ఇక ఎవరినీ నమ్మకుండా కూర్చోవడమే గతి. మీకు లేనిది "ఆగు, ఆలోచించి చెప్తాను" అనే మాట. అది నేర్చుకోవచ్చు. నిజానికి కొంత నేర్చుకున్నారు కూడా.

బావగారికి ఆ మాట రెండుసార్లు చెప్పారు కదా! దాన్ని మీరు పిరికితనం కింద రాశారు. నాకలా అనిపించలేదు. లక్షలు పెట్టే చోట, కాగితాలు చూడకుండా, ఇంటి పెద్ద ఎదురుగా కూర్చుని అడుగుతున్నా మీరు సంతకం పెట్టలేదు. రెండేళ్ల కిందటైతే పెట్టేవారు. కాకపోతే అమ్మాయి పేరు అడ్డం పెట్టుకున్నారు. ఈసారి ఆ పేరు లేకుండా చెప్పండి, అంతే తేడా.

ఉత్తరం చివర్లో, మిగతా వాటి మధ్య, ఇంకో రెండు సంగతులు రాసి వదిలేశారు. స్కూల్లో ఒకే రసీదు నంబరు మీద రెండు ఫీజులు కనిపిస్తే ఆ పొరపాటు మీరే పట్టుకున్నారు. నిరుడు ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి తోడెవరూ దొరక్కపోతే ఒక్కరే వెళ్లి 32 కిలోమీటర్లు పూర్తి చేశారు. కొండకింద తొలిపావంచా దగ్గర బయల్దేరి, హనుమంతవాక దాటి, బీచ్ రోడ్డు మీదుగా రాత్రంతా ఆ జనంలో నడిచి వచ్చిన మనిషి, స్టవ్ కొనడం తనవల్ల కాదంటే నేను ఒప్పుకోను. స్టవ్ కొనేయండి. నచ్చకపోతే ఏమవుతుంది? నాలుగేళ్లు సణుక్కుంటూ వంట చేస్తారు.

మీ ఆయన అన్నీ చూసుకున్నారని రాశారు. ప్రేమతోనే చూసుకుని ఉంటారు. క్వార్టర్ల కాపురాల్లో ఇది చాలా ఇళ్లలో ఉన్నదే. బ్యాంకు, బిల్లులు, ఎల్ఐసీ మగవాళ్లవి, తక్కిన సంసారమంతా ఆడవాళ్లది. ఎవరికీ తప్పనిపించదు, ఒకరు హఠాత్తుగా పోయేదాకా. ఇప్పుడు మీకు రాదనుకుంటున్నవాటిలో సగం మీకు ఎవరూ చూపించనివి. కరెంటు బిల్లు చదవడానికి తెలివితేటలేం అక్కర్లేదు, ఒకసారి చూస్తే చాలు.

ఇక మీరు ఒకే ముడిగా వేసిన వాటిని విడదీస్తాను. డబ్బు, బాకీ, మాస్టారు, బెంగళూరు. వీటిలో తొందర ఉన్నది మొదటి రెండింటికే.

ముందు డబ్బు. మీ ఖాతాకి ఉన్న ఫోన్ నంబరు మార్పించండి. ఆధార్, పాస్‌బుక్ తీసుకుని మీ బ్రాంచికి వెళితే ఫారం ఇస్తారు. దీనికి బావగారి అనుమతి అక్కర్లేదు. ఆయన్ని అనుమానించినట్టు అవుతుందని మీ భయం. "స్కూల్లో జీతం పడగానే మెసేజ్ నాకు రావాలి బావగారూ, ప్రతిసారీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేను" అంటే మర్యాదగానే ఉంటుంది, అబద్ధమూ కాదు. డిపాజిట్ల అసలు కాగితాలు కూడా అలాగే అడిగి తెచ్చుకోండి. ఇచ్చేస్తే మంచిదే. ఇవ్వడానికి వంకలు చెబితే అది కూడా మీకు తెలియాల్సిన విషయమే.

మీకు బహుశా ఎవరూ చెప్పని మాట ఒకటి. వీలునామా రాయకుండా పోయిన హిందూ భర్త స్వార్జితంలో భార్యకి, ప్రతి బిడ్డకి, ఆయన తల్లికి సమాన వాటాలు. మీ అత్తగారు ఉన్నారని రాశారు కాబట్టి ఆవిడకి వాటా ఉంది, బావగారికి లేదు. నామినీగా మీ పేరున్నంత మాత్రాన డబ్బంతా మీదైపోదు, నామినీ ఆ డబ్బు అందుకుని వారసులకి చేర్చాల్సిన మనిషి. అందుకని స్థలం కొనడానికి ముందే అత్తగారి వాటా, పిల్లల వాటాల సంగతి తేల్చుకోవడం మేలు. ఎవరైనా వద్దనుకుంటే ఆ మాట రాతలో ఉండాలి. ఆ రాత ఎలా ఉండాలో లాయరు చెబుతారు. ఇది ఇప్పుడు చేయకపోతే స్థలం ధర పెరిగిన రోజున గొడవ కూడా దానితోపాటే పెరుగుతుంది.

స్థలం మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. బావగారు మీ మంచికే చెబుతూ ఉండవచ్చు. కానీ మీరు గాజువాక మార్కెట్లో చందువా చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడకుండా సంచిలో వేయించుకోరు కదా. అమ్మేవాడు దొంగ అనా? కాదు, కొనేవాళ్ల పద్ధతి అది. స్థలానికీ అంతే. లేఅవుట్‌కి వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, ఎల్పీ (లేఅవుట్ అనుమతి) నంబరు ఎంత, రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదైందా, ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) పాత లావాదేవీలు ఏం కనిపిస్తున్నాయి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితాలో) ఉందా, డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూమా, లింకు డాక్యుమెంట్లు (పాత హక్కు పత్రాలు) ఉన్నాయా. ఈ కాగితాలు తెప్పించుకుని మీకు సంబంధంలేని లాయరుకి ఫీజు ఇచ్చి చూపించండి. బావగారు తెచ్చిన లాయరు వద్దు. అన్నీ సరిగా ఉండి, రిజిస్ట్రేషన్ మీ పేరున జరిగి, డబ్బు మొత్తం కాకుండా కొంతే పెట్టి కొంటే నష్టం తక్కువ. మొత్తం పెట్టేస్తే అబ్బాయి చదువు, మీ వైద్యం, అద్దె, అన్నిటికీ జీతం మీదే ఆధారపడాలి. పొలిమేరల్లో స్థలం అవసరమైన రోజున అమ్ముడుపోదు. అసలు కొననంటే బావగారు కొన్నాళ్లు ముభావంగా ఉంటారు, తోటికోడలు నాలుగు మాటలంటుంది. అది తట్టుకోగలరా లేదా మీరు చూసుకోవాలి. "ఈ ఏడాది ఏమీ కొనను, వచ్చే ఏడాది చూద్దాం" అనడం మూడో దారి. ఆ మధ్యలో ధర పెరిగితే పెరగనివ్వండి. ఆ మాత్రం నష్టానికి మీరు కొనుక్కుంటున్నది ఆలోచించుకునే వ్యవధి.

రెండోది తమ్ముడి బాకీ. ఇది పరువు సమస్య అనుకుని పక్కన పెట్టారు. దీనికి గడువుంది. చేబదులు వసూలుకి కోర్టుకి వెళ్లాలంటే ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపు వెళ్లాలి. గడువు లోపల అతను బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టినా, కొంత కట్టినట్టు అతని చేతి రాతో సంతకమో ఉన్నా, అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. నోటు లేకపోయినా మీరు డబ్బు బ్యాంకు ద్వారా పంపారు, స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. అతను అడిగిన వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే తుడిచేయకండి.

ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంది, న్యాయసహాయ హెల్ప్‌లైన్ నంబరు 15100. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టే వీలుంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ అంత బలం. నోటీసు ఇస్తే పిన్ని మీతో మాట్లాడకపోవచ్చు, పెళ్లిళ్లలో మొహం తిప్పుకోవచ్చు. ఇవ్వకపోతే నాలుగు లక్షలు పోయినట్టే. పోనీలే అనుకోవడం కూడా ఒక నిర్ణయమే, నేనేం తప్పుపట్టను. కాకపోతే అది మీరు కూర్చుని, లెక్క వేసుకుని అనుకోవాలి. గడువు దాటిపోయాక వేరే దారిలేక అనుకుంటే, నావల్ల ఏదీ కాదన్న పాత మాటే మళ్లీ మిగులుతుంది.

ఇప్పుడు మాస్టారు.

"అన్నీ నేను చూసుకుంటాను" అన్న మాటకి మీకు నిద్రపట్టడంలో ఆశ్చర్యం లేదు. రెండేళ్లుగా ఒక్కరూ మోస్తున్నారు. ఆ మాట అన్న మనిషిలో నాకు దోషమేమీ కనబడలేదు. కానీ ఇరవై ఏళ్లకి పైగా అన్నీ మరొకరు చూసుకున్నందువల్లే కదా ఇవాళ ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది? అందుకని ఆయనకి ఒక మాట చెప్పి చూడండి: "అన్నీ మీరు చూసుకోవద్దు మాస్టారూ, నాకు తెలీనివి చూపించండి చాలు." ఆ మాట విని ఆయన తేలికపడతారా, చిన్నబుచ్చుకుంటారా? మీరు ఒకదానికి కుదరదంటే ఆ మరుసటి రోజు స్టాఫ్ రూమ్‌లో ఎలా ఉంటారు? మీ అబ్బాయి గురించి అడుగుతారా? మొదటి భార్య గురించి ఎలా మాట్లాడతారు? ఇవి చూడటానికి పెద్ద తెలివి అక్కర్లేదు, కొంచెం కాలం కావాలి. చూసింది చూసినట్టు ఒక నోటుబుక్కులో రాసుకోండి, తేదీతో సహా. ఆయన ఏమన్నారు, అప్పుడు మీకేమనిపించింది, తర్వాత ఏం జరిగింది. కొన్నాళ్లయ్యాక తిరగేస్తే, మీకు మొదట అనిపించినవాటిలో ఎన్ని సరిగ్గా ఉన్నాయో మీ చేతి రాతలోనే కనబడుతుంది. నేను చెప్పే భరోసా కంటే అది గట్టిది.

పెళ్లికి ఒప్పుకునే పక్షంలో అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగండి. విడాకుల డిక్రీ కాపీ చూపించమనండి. అప్పులున్నాయా, ఆయన మీద ఆధారపడినవాళ్లు ఎవరున్నారు, ఎవరింట్లో ఉంటారు. మీకొస్తున్నది ఈపీఎఫ్ పెన్షన్ అయితే, మళ్లీ పెళ్లి చేసుకుంటే అది మీకు ఆగిపోతుంది. 25 ఏళ్లు నిండని పిల్లలుంటే వాళ్లకి ఆ పెన్షన్‌లో 75 శాతం చొప్పున ఇస్తారు. భర్త ఆస్తిలో ఇప్పటికే మీకు వచ్చిన వాటా మాత్రం పెళ్లివల్ల పోదు. పిల్లలకి ఆ విషయంలో బెంగ ఉంటే వీలునామా రాయవచ్చు.

వెంటనే చేసుకుంటే తోడు దొరుకుతుంది, నిజమే. కానీ బావగారి వైపు నుంచీ, కూతురి వైపు నుంచీ ఒకేసారి గాలి వీస్తుంది. ఆ గాలిలో మీరు పూర్తిగా ఆయన మీదే ఆనుకుంటారు. ఏడాది ఆగమంటే, నిలబడే మనిషైతే ఆగుతారు. ఆగకపోతే బాధే, ఆ బాధని తక్కువ చేసి చెప్పను. పెళ్లి లేకుండా స్నేహంగానే ఉండిపోదామన్నా కుదురుతుంది, కాకపోతే చిన్న స్కూలు, ఇద్దరూ అక్కడే పని, నలుగురి నోళ్లలో నలగాల్సి వస్తుంది. ఏది భరించగలరో మీకు తెలియాలి. నాకైతే ఆగడం వైపే మొగ్గు. అది ఆయన మీద అనుమానంతో మాత్రం కాదు.

అమ్మాయి మాట మిమ్మల్ని గుచ్చింది. పాతికేళ్లు కూడా నిండని పిల్ల, తండ్రిని పోగొట్టుకుంది, ఊరుకాని ఊళ్లో ఉంటూ అమ్మ బాధ్యత కూడా తనదే అనుకుంటోంది. స్టవ్ దగ్గర్నుంచి అన్నీ ఆ పిల్లనే అడుగుతుంటే ఇంటిపెద్ద అయిపోయింది మరి, పెద్దరికం చేస్తోంది. ముందు నిర్ణయం తీసుకుని ఆ తర్వాత ఫోన్ చేయండి. "ఏం చెయ్యను?" అని కాకుండా "ఇది చేశానే, విను" అని చెప్పండి. మొదట్లో కసురుకుంటుంది. కొన్నాళ్లకి తనకీ భారం తగ్గుతుంది.

బెంగళూరు సంగతి ఎక్కువ రాయను. సెలవుల్లో ఒక నెల ఉండి రండి. ఉద్యోగం మానేసి మాత్రం వెళ్లకండి. మీ పేరుతో, మీ పనికి వచ్చే జీతం అదొక్కటే.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టదని, అన్నం సహించడం లేదని కూడా రాశారు. ఇది రెండేళ్లుగా ఉంటే బెంగ అని వదిలేయకూడదు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీ ఉంటుంది. ఆ ఊసెత్తితే మన ఊళ్లో ఇప్పటికీ వెకిలిగా నవ్వేవాళ్లున్నారు, నవ్వనివ్వండి. అక్కడికి వద్దనుకుంటే ఇంకెక్కడైనా సైకియాట్రిస్టుని చూడండి. ముందు ఫోన్లో మాట్లాడదామనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416. రాత్రిపూట కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నిద్ర లేని మనిషికి ప్రతి నిర్ణయమూ కొండంత కనిపిస్తుంది. మీ భయంలో ఎంత భాగం నిద్రలేమిదో వైద్యం మొదలైతే గానీ తెలీదు.

ఇంకొక్కటి. ఇంత పెద్ద ఉత్తరంలో మీ అబ్బాయి గురించి ఉన్నది రెండే ముక్కలు: మూడో ఏడు చదువుతున్నాడు, పెద్దగా మాట్లాడడు. కూతురు ఏమన్నదో, బావగారు ఏమన్నారో, మాస్టారు ఏమన్నారో రాశారు. వాడేమంటున్నాడో రాయలేదు. రోజూ ఒకే ఇంట్లో మీతో అన్నం తినేది వాడు. మీకు ఎవరి ఫోన్ వస్తే మొహం మారుతోందో వాడికి ఈపాటికి తెలిసే ఉంటుంది. బయటివాళ్లెవరో చెప్పకముందే, మాస్టారి సంగతి మీరే వాడికి చెప్పండి. అనుమతి కోసం కాదు. వాడి మనసులో ఏముందో మీకు తెలియడం కోసం.